లదోగా సరస్సు: భౌగోళిక స్వరూపం, పరిసరాలు – తరచుగా అడిగే ప్రశ్నలు

లదోగా పేరు తెలుగు పాఠకుల్లో చాలామందికి రెండో ప్రపంచ యుద్ధకాలపు లెనిన్‌గ్రాద్ ముట్టడి గురించి చదివినప్పుడే తగిలి ఉంటుంది. ఆ యుద్ధఘట్టం కూడా ఆ సరస్సు లోతుపాతులతో, గాలులతో, మంచుతో ముడిపడి ఉన్నదే కనుక, ముందు నేలనూ నీటినీ అర్థం చేసుకుంటే మిగతా కథ దానంతట అదే తెలుస్తుంది. ఉత్తరాన రాయి, దక్షిణాన మట్టి: ఈ సరస్సు గురించి అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబు ఈ తేడాలోనే ఉంది.

లదోగా సరస్సు ఎక్కడ ఉంది? ఎంత పెద్దది?

రష్యా వాయవ్య భాగంలో, సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో దీని నైరుతి తీరం మొదలవుతుంది. ఉత్తర తీరం కరేలియా రిపబ్లిక్‌లోనూ, దక్షిణ తీరం లెనిన్‌గ్రాద్ ప్రాంతంలోనూ ఉన్నాయి. సోవియట్ కాలంలో లెనిన్‌గ్రాద్ అని పిలిచిన ఈ నగరం 1991లో తన పాత పేరును తిరిగి తెచ్చుకున్నా, దాని చుట్టూ ఉన్న పరిపాలనా ప్రాంతం మాత్రం నేటికీ లెనిన్‌గ్రాద్ పేరుతోనే కొనసాగుతోంది. పటం చూసేవారు ఇక్కడ తికమకపడవద్దు. సరస్సు 60, 62 డిగ్రీల ఉత్తర అక్షాంశాల మధ్య పరుచుకుని ఉంది. హైదరాబాదు 17 డిగ్రీల వద్ద ఉందని గుర్తు చేసుకుంటే, అక్కడి పగళ్ళూ రాత్రులూ మన లెక్కకు ఎందుకు అందవో తెలుస్తుంది.

పొడవు సుమారు 219 కిలోమీటర్లు, సగటు వెడల్పు 83 కిలోమీటర్లు. దీవులను మినహాయిస్తే నీటి విస్తీర్ణం 17,700 చదరపు కిలోమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. విభజనకు ముందున్న కర్నూలు జిల్లా విస్తీర్ణం 17,658 చదరపు కిలోమీటర్లు. అంటే ఆదోని నుంచి నంద్యాల దాకా, శ్రీశైలం కొండల దాకా ఉన్న ఆ పాత జిల్లా మొత్తం నీరై నిలిచిందని ఊహించుకుంటే లదోగా పరిమాణం కళ్ళకు కడుతుంది.

రష్యాలో పెద్ద సరస్సు బైకాల్ కదా?

నిజమే, బైకాల్ విస్తీర్ణంలోనూ లోతులోనూ దీనికంటే చాలా పెద్దది. అయితే అది సైబీరియాలో, అంటే ఆసియా ఖండంలో ఉంది. పూర్తిగా ఐరోపా ఖండంలో ఉన్న మంచినీటి సరస్సుల్లో లదోగాదే మొదటి స్థానం. రెండోది దీనికి తూర్పున ఉన్న ఒనేగా, మూడోది స్వీడన్‌లోని వేనెర్న్.

ఇందులో ఎంత నీరు ఉంటుంది? మన ప్రాజెక్టులతో పోల్చవచ్చా?

కొలతలనుబట్టి 840 నుంచి 900 ఘన కిలోమీటర్ల దాకా చెబుతారు. మనకు అలవాటైన లెక్కలో అది దాదాపు 30,000 టీఎంసీలు. శ్రీశైలం జలాశయం పూర్తిగా నిండితే నిలిచేది 215 టీఎంసీలు కాబట్టి, అలాంటివి నూట ముప్ఫైకి పైగా నిండితే గానీ లదోగాకు సాటిరావు. అన్నిటికంటే లోతైన చోటు 230 మీటర్లు. నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు గనుక, దానిని అక్కడ నిలబెడితే అది మునిగిపోగా పైన ఇంకా వంద మీటర్ల నీరు మిగులుతుంది. సరస్సు నీటిమట్టం సముద్రమట్టానికి కేవలం 5 మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి, ఆ అగాధపు అడుగుభాగం సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన ఉన్నట్టు లెక్క.

ఉత్తర తీరానికీ దక్షిణ తీరానికీ ఇంత తేడా ఎందుకు?

సరస్సు రెండు వేర్వేరు నేలల అతుకు మీద ఉండటమే కారణం. ఉత్తర భాగం ఫిన్లాండ్, స్వీడన్, కరేలియాల కింద పరుచుకున్న అతి ప్రాచీనమైన బాల్టిక్ శిలాఫలకానికి చెందినది. అక్కడ ఉన్నవి కోట్లాది సంవత్సరాల నాటి గ్రానైట్, నైస్ రాళ్ళు. దక్షిణ భాగం మాత్రం ఆ గట్టి రాయి మీద తరువాతి కాలాల్లో పేరుకున్న ఇసుకరాళ్ళు, బంకమట్టి పొరలతో ఏర్పడిన మెత్తని మైదానం. మంచుయుగంలో ఉత్తరం నుంచి కదిలి వచ్చిన, మందం కిలోమీటర్లలో ఉండే హిమఫలకం ఈ రెండింటి మీదా ఒకేలా పనిచేయలేదు. గట్టి రాతిలో ఎక్కడ పగుళ్ళు ఉంటే అక్కడ గీరుకుంటూ పోయి, లోతైన, ఇరుకైన గాళ్ళు తవ్వింది. మెత్తని నేలను మాత్రం చదును చేసి, తాను మోసుకొచ్చిన మట్టినీ గులకరాళ్ళనూ దాని మీద పరిచి వెళ్ళింది.

అందుకే ఉత్తరాన తీరరేఖ చింపిరి గుడ్డ అంచులా ఉంటుంది. నీటిలోంచి నిలువుగా లేచే రాతి గుట్టలు, వాటి తలల మీద దేవదారు జాతి చెట్లు, గుట్టల మధ్య కిలోమీటర్ల పొడవున లోపలికి చొచ్చుకుపోయిన సన్నని నీటిపాయలు, లెక్కకు మించిన దీవులు అక్కడి దృశ్యం. ఈ దీవుల చిక్కుముడిని రష్యన్లు ష్ఖేరి అంటారు. 2017 డిసెంబరులో ఈ ప్రాంతాన్ని ‘లదోగా ష్ఖేరి’ జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. సరస్సులోని అతి లోతైన చోట్లు కూడా ఈ వైపే, వాయవ్య మూలన ఉన్నాయి.

దక్షిణాన ఇందుకు పూర్తిగా భిన్నమైన దృశ్యం. ష్లిస్సెల్‌బుర్గ్, వోల్ఖోవ్, స్విర్ అనే మూడు విశాలమైన అఖాతాలు, ఇసుక మేటలు, రెల్లు పొదలు, బురద నేలలు ఉంటాయి. తీరం నుంచి చాలా దూరం నడిచి వెళ్ళినా నీరు నడుము దాటని చోట్లు కూడా ఉన్నాయి. కొల్లేరు అంచులు చూసినవారికి ఆ రెల్లు, ఆ పక్షుల కలకలం మరీ పరాయిగా అనిపించవు. స్విర్ నది ముఖద్వారం దగ్గర 1980లో ఏర్పాటు చేసిన నీజ్నెస్వీర్‌స్కీ అభయారణ్యం వలస పక్షుల పరిశీలనకు ప్రసిద్ధి పొందింది.

సరస్సు ఎప్పుడు పుట్టింది? దాని నీటిని సముద్రానికి చేర్చే నేవా నది వయసులో సరస్సు కంటే చిన్నదని అంటారు, అదెలా?

నా దృష్టిలో లదోగా గురించిన విషయాలన్నిటిలోనూ ఇదే ఆసక్తికరమైనది. పది వేల సంవత్సరాలకు పైగా క్రితం హిమఫలకం వెనక్కి తగ్గినప్పుడు, ఆ గుంటలో నిలిచిన కరుగునీరే నేటి సరస్సుకు మూలం. మొదట్లో అది అప్పటి బాల్టిక్ జలాశయంలో ఒక భాగంగా ఉండి, క్రమంగా విడిపోయింది. ఆ రోజుల్లో సరస్సు నీరు ఇప్పటిలా నైరుతి మూల నుంచి కాకుండా, ఉత్తరంగా కరేలియా భూసంధి మీదుగా ఉన్న పల్లపు దారిలో సముద్రానికి చేరేది.

అయితే అంత బరువైన మంచు తొలగిపోయాక నేల మెల్లమెల్లగా పైకి లేవడం మొదలుపెట్టింది. మంచు ఎక్కడ ఎక్కువ మందంగా ఉండేదో అక్కడ నేల ఎక్కువ వేగంగా లేస్తుంది కాబట్టి, లదోగా ఉత్తర అంచు దక్షిణ అంచు కంటే త్వరగా పెరిగింది. నీళ్ళున్న పళ్ళేన్ని ఒక వైపు ఎత్తితే నీరు రెండో వైపుకు ఒరిగినట్టు, పాత దారి ఎత్తు పెరుగుతున్నకొద్దీ సరస్సు దక్షిణాన లోతట్టు నేలలను ముంచుతూ విస్తరించింది. దీనికి తోడు, ఇప్పటి ఫిన్లాండ్‌లోని సైమా సరస్సు నీరు ఒక మట్టిగట్టును తెంచుకుని వూఓక్సా నదిగా ఇటు మళ్ళింది. చివరకు మూడు వేల సంవత్సరాలకు కొంచెం ముందు, నైరుతిన ఉన్న తక్కువ ఎత్తు గట్టుకు గండి పడింది. ఆ గండిలోంచి ఉరికిన నీరే నేవా. సరస్సు మట్టం మీటర్ల కొద్దీ పడిపోయి, ఇప్పుడు మనం చూస్తున్న తీరరేఖ బయటపడింది. అంటే సింధు లోయ నగరాలు వెలిసి అంతరించిన తరువాతగానీ నేవా పుట్టలేదు.

లదోగాలో కలిసే నదులు ఏవి?

ముఖ్యమైనవి మూడు. ఒనేగా సరస్సు నీటిని తెచ్చే స్విర్ తూర్పు నుంచి, ఇల్మేన్ సరస్సు నీటిని తెచ్చే వోల్ఖోవ్ దక్షిణం నుంచి, సైమా నీటిని తెచ్చే వూఓక్సా పడమటి నుంచి వచ్చి కలుస్తాయి. మూడూ మూడు సరస్సుల ముంగిళ్ళ నుంచి బయలుదేరినవే. బయటికి పోయేది మాత్రం నేవా ఒక్కటే.

వూఓక్సా గురించి ఒక మాట చెప్పాలి. ఆ నది దారిలో సువాంతో అనే పొడవాటి సరస్సు ఉండేది. దానికీ లదోగాకూ మధ్య ఒక ఇసుక కట్ట మాత్రమే అడ్డం. పొలాలు మునుగుతున్నాయని రైతులు ఆ కట్టకు చిన్న కాలువ తవ్వారు. 1818 వసంతంలో వరద ఆ కాలువలో దూరి కట్టను కోసుకుంటూ పోయి, సువాంతో మట్టాన్ని కొన్ని మీటర్లు దించేసి లదోగాలోకి కొత్త నదిగా పారింది. తరువాత 1857లో కివినియెమీ దగ్గర మరో కాలువ తవ్వడంతో వూఓక్సా ప్రధాన ప్రవాహమే ఈ కొత్త దారికి మళ్ళిపోయింది. చేలు కాపాడుకోవడానికి గండి కొట్టడం మన డెల్టా రైతులకూ తెలిసిన పనే గానీ, ఒక నది నోరే మారిపోయే గండి అరుదు. ఆ కివినియెమీ పేరు ఇప్పుడు లోసెవో. అక్కడి ఉధృతమైన నీటిలో పడవ పందేలు జరుగుతుంటాయి.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు వచ్చే వరదలు ఈ సరస్సు పొంగడం వల్లనేనా?

కాదు. ఇది చాలామందిలో ఉన్న అపోహ. నేవా పొడవు 74 కిలోమీటర్లే అయినా, అందులో సగటున సెకనుకు 2,500 ఘనపు మీటర్ల నీరు, అంటే సుమారు 88,000 క్యూసెక్కులు ప్రవహిస్తుంది. ఏడాదికి లెక్క వేస్తే దాదాపు 2,800 టీఎంసీలు. మన గోదావరి స్థాయి నది అన్నమాట. కానీ గోదావరికీ కృష్ణకూ ఉన్న ఆటుపోట్లు దీనికి లేవు. వరదల్లో ప్రకాశం బ్యారేజీ వద్ద పది లక్షల క్యూసెక్కులు దాటే కృష్ణ, వేసవిలో ఇసుక తిన్నెలు తేలేలా చిక్కిపోతుంది. నేవా అలా కాదు, ఎందుకంటే దాని నెత్తిన లదోగా అనే పెద్ద కుండ ఉంది. ఎగువన ఎంత వాన కురిసినా, ఎంత మంచు కరిగినా, 17,700 చదరపు కిలోమీటర్ల మీద అది పలచగా పరుచుకుని, నెమ్మదిగానే దిగువకు వెళ్తుంది.

నగరాన్ని ముంచినది ఎదుటి వైపు నుంచి వచ్చిన సముద్రం. శరదృతువులో పడమటి తుఫానుగాలులు ఫిన్లాండ్ సింధుశాఖలోని నీటిని ఎగదోసి నేవా నోటిలోకి నెడతాయి. 1824 నవంబరులో నీరు మామూలు మట్టానికి 4 మీటర్లకు పైగా లేచింది. సరిగ్గా నూరేళ్ళకు, 1924 సెప్టెంబరులో మళ్ళీ ఆ స్థాయికి దగ్గరగా వచ్చింది. సముద్రం వైపు కట్టిన రక్షణ ఆనకట్ట 2011లో పూర్తయ్యాక ఆ భయం తగ్గింది.

శీతాకాలంలో సరస్సు పూర్తిగా గడ్డకడుతుందా?

ప్రతి ఏడూ కాదు. డిసెంబరులో దక్షిణ అఖాతాలు, ఉత్తరపు సన్నని పాయలు ముందుగా గడ్డకడతాయి. లోతైన నీరు వేసవిలో దాచుకున్న వేడిని వదలడానికి చాలా కాలం పడుతుంది కాబట్టి, నడుమ భాగం ఫిబ్రవరి దాకా తెరిచే ఉంటుంది. చలి తక్కువగా ఉన్న సంవత్సరాల్లో అక్కడ మంచు కట్టకుండానే శీతాకాలం గడిచిపోతుంది.

వసంతంలో జరిగేది మరింత విచిత్రం. నీరు 4 డిగ్రీల వద్ద అన్నిటికంటే బరువుగా ఉంటుందన్నది బడి పాఠమే. తీరం పొడవునా లోతు తక్కువ కాబట్టి అక్కడి నీరు ముందుగా వేడెక్కి 4 డిగ్రీలు దాటుతుంది. నడుమ నీరు ఇంకా అంతకంటే చల్లగానే ఉంటుంది. రెండూ కలిసే గీత వద్ద మిశ్రమం సరిగ్గా 4 డిగ్రీలకు చేరి, బరువెక్కి, నిలువు తెరలా కిందికి దిగుతూ ఉంటుంది. ఉష్ణ అవరోధం అని పిలిచే ఈ తెర తీరపు నీటిని నడుమ నీటితో కలవనివ్వదు. నదులు తెచ్చిన పోషకాలు, మురికి కూడా వారాల తరబడి తీరం వెంటే ఆగిపోతాయి. ఈ దృగ్విషయాన్ని విస్తృతంగా అధ్యయనం చేసిన సరస్సుల్లో లదోగా ముఖ్యమైనది. తెర నెమ్మదిగా నడుమకు జరుగుతూ పోయి, ఎండాకాలం ముదిరాక మాయమవుతుంది.

ఇక నగరవాసులకు లదోగా వసంతం మరో రూపంలో తెలుస్తుంది. నేవా మీది సొంత మంచు ముందు పోయి, ఎండ కాచి, అందరూ పైకోట్లు తీసేసే వేళకు సరస్సు మంచు పలకలు పలకలుగా నది వెంట దిగి వస్తుంది. గాలి మళ్ళీ చల్లబడుతుంది. లదోగా మంచు దిగుతోందని పీటర్స్‌బర్గ్ వాళ్ళు చలికి కారణం చెప్పుకుంటారు. అదే రోజుల్లో గుడ్లు పెట్టడానికి నేవాలోకి ఎదురీదే కొర్యూష్కా అనే చిన్న చేప బజార్లలోకి వస్తుంది. అప్పుడే కోసిన కీరదోసకాయ వాసన వేయడం దాని ప్రత్యేకత. నెత్తళ్ళలా పిండిలో దొర్లించి కరకరలాడేలా వేయించుకుంటారు.

ఇది సరస్సే కదా, నావికులు దీనికి ఎందుకు భయపడేవారు?

సముద్రపు అలలు పొడవుగా, ఒక లయలో వస్తాయి. లదోగాలో, ప్రత్యేకించి లోతు తక్కువైన దక్షిణ భాగంలో, అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెనుక ఒకటి దగ్గరదగ్గరగా విరుచుకుపడతాయి. ఒక అల నుంచి తేరుకునేలోపు రెండోది పడవ మీదికి వస్తుంది. పీటర్ చక్రవర్తి తన కొత్త రాజధానికి ధాన్యం, కలప తెచ్చే పడవలు ఏటా ఇక్కడ మునిగిపోవడం చూసి, సరస్సు మీదికి వెళ్ళనవసరం లేకుండా దక్షిణ తీరం వెంబడే కాలువ తవ్వమని ఆదేశించాడు. 1719లో మొదలైన ఆ తవ్వకం ఆయన మరణానంతరం, 1731లో పూర్తయింది. వోల్ఖోవ్ నుంచి నేవా దాకా ఉన్న ఆ కాలువ పొడవు 100 కిలోమీటర్లకు మించి ఉంటుంది. అది పూడిపోతూ రావడంతో 1860లలో దాని పక్కనే మరొకటి తవ్వారు. ఇన్ని నీళ్ళు పక్కన పెట్టుకుని, వాటికి సమాంతరంగా చేతులతో కాలువ తవ్వారంటే ఆ నీటి స్వభావం ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

సరస్సులో సీల్‌లు ఉన్నాయన్నది నిజమేనా? సీల్ సముద్రజీవి కదా?

నిజమే. ఒంటి మీద ఉంగరాల వంటి మచ్చలుండే సీల్ జాతిలో ఒక ఉపజాతి లదోగాలో మాత్రమే బతుకుతుంది. హిమఫలకం కరిగిన కాలంలో ఇటు చేరిన సీల్‌లు నేల లేచి దారి మూసుకుపోయాక ఇక్కడే చిక్కుకుపోయి, తరతరాలుగా మంచినీటికి అలవాటు పడ్డాయి. ఫిన్లాండ్‌లోని సైమా సీల్‌ది కూడా ఇదే కథ. సుమారు మీటరున్నర పొడవుండే ఈ జీవి వేసవిలో ఉత్తరపు దీవుల బండల మీద, ముఖ్యంగా వాలామ్ పరిసరాల్లో, ఎండ కాచుకుంటూ కనిపిస్తుంది. పిల్లలను మాత్రం శీతాకాలంలో మంచు మీద, గాలికి పేరుకున్న మంచుగుట్టల కింద గుహ చేసుకుని కంటుంది. శీతాకాలాలు వెచ్చబడి మంచు ఆలస్యంగా కట్టి తొందరగా కరిగితే ఆ గుహలు నిలవవు. చేపల వలల్లో చిక్కుకుని చనిపోవడం మరో ముప్పు. ఇప్పుడు వీటి సంఖ్య కొన్ని వేలు మాత్రమే.

దీవుల్లో ముఖ్యమైనవి ఏవి?

ఆరు వందలకు పైగా దీవులున్నాయి, వాటిలో అత్యధికం ఉత్తరానే. వాలామ్ దీవుల సముదాయం మొత్తం విస్తీర్ణం 36 చదరపు కిలోమీటర్లు. సనాతన క్రైస్తవ సంప్రదాయానికి చెందిన ప్రసిద్ధమైన మఠం అక్కడ ఉంది. అక్కడి సన్యాసులు రాతి దీవి మీదికి పడవల్లో మట్టి తెచ్చి పోసి, ఆపిల్ తోటలు పెంచారు. చుట్టూ ఉన్న నీరు శరదృతువు చలిని ఆలస్యం చేయడం వల్లనే ఆ తోటలు నిలిచాయి. 1940లో యుద్ధం కారణంగా సన్యాసులు మంచు మీదుగా ఫిన్లాండ్‌కు తరలిపోయి హేనావేసిలో కొత్త వాలామ్ మఠాన్ని స్థాపించుకున్నారు. పాత మఠంలో 1989లో మళ్ళీ దీపం వెలిగింది.

పడమటి తీరానికి దగ్గరలో ఉన్న కోనెవెత్స్ దీవిలోనూ 1393లో వెలసిన మఠం ఉంది. హిమఫలకం మోసుకొచ్చి వదిలిన ఒక మహాశిల అక్కడ ఉంది. క్రైస్తవానికి పూర్వం దాని దగ్గర గుర్రాన్ని బలి ఇచ్చేవారని చెబుతారు. గుర్రపు రాయి అన్న పేరు అలా వచ్చిందే.

చుట్టుపక్కల చూడదగిన పాత ఊళ్ళు, కోటలు ఏమున్నాయి?

వోల్ఖోవ్ ఒడ్డున ఉన్న స్తారయా లదోగా ఇప్పుడు ఒక పల్లెటూరు. కానీ అక్కడ దొరికిన చెక్క దూలాల్లోని చెట్టు వయసు తెలిపే వలయాలను లెక్కగట్టి క్రీ.శ. 753 నాటికే జనం ఉన్నారని తేల్చారు. బాల్టిక్ సముద్రం నుంచి నేవా, లదోగా, వోల్ఖోవ్ మీదుగా నల్లసముద్రం దాకా సాగిన వర్తకమార్గానికి అది వాకిలి. తవ్వకాల్లో అరబ్బు వెండి నాణేలు బయటపడటంలో ఆశ్చర్యం లేదు.

నేవా మొదలయ్యే చోట, నది నడుమ దీవిలో, నొవ్‌గొరోద్ అనే రష్యన్ నగరరాజ్యం వారు 1323లో ఒరెషెక్ కోట కట్టారు. ఆ పేరుకు చిన్న కాయగింజ అని అర్థం. పగలగొట్టడం కష్టమన్న భావన తరువాత దానికి బాగా అతికింది. స్వీడన్ చేతిలోకి పోయిన ఈ కోటను 1702లో పీటర్ తిరిగి గెలిచి, సముద్రానికి తాళంచెవి దొరికిందన్న ఉద్దేశంతో ష్లిస్సెల్‌బుర్గ్ అని పేరు మార్చాడు. తరువాత అది కారాగారంగా మారింది. లెనిన్ అన్న అలెక్సాందర్ ఉల్యానొవ్‌ను 1887లో ఉరితీసింది ఇక్కడే.

ఉత్తరాన సోర్తవాలా పట్టణం, దానికి ఎగువన రుస్కెయాలా పాలరాతి గనులు ఉన్నాయి. ఆ గనుల పాలరాయి పీటర్స్‌బర్గ్‌లోని సెయింట్ ఐజాక్ చర్చి గోడలకెక్కింది. నీరు నిండిన ఆ పాత గనులే ఇప్పుడు పర్యాటకుల విడిది.

ఫిన్లాండ్ పేర్లు ఇన్ని ఎందుకు కనిపిస్తాయి?

1940కి ముందు సరస్సు ఉత్తర, పశ్చిమ తీరాల్లో చాలా భాగం ఫిన్లాండ్‌ది. సరిహద్దు గీత నీటి నడుమ నుంచి పోయేది. 1939–40లో సోవియట్ యూనియన్, ఫిన్లాండ్‌ల మధ్య జరిగిన శీతాకాల యుద్ధం తరువాత ఒకసారి, 1944లో మరోసారి ఆ భూభాగం సోవియట్ యూనియన్ వశమైంది. వదులుకున్న ప్రాంతాలన్నిటి నుంచి నాలుగు లక్షలకు పైగా జనం ఫిన్లాండ్‌కు తరలిపోయారు. పడమటి తీరంలోని కాకిసల్మికి సరస్సు పక్కనిది అన్న అర్థంలో ప్రియోజేర్స్క్ అని కొత్త పేరు పెట్టారు. కరేలియా పరిధిలోకి వెళ్ళిన సోర్తవాలా, లాహ్దెన్‌పోహ్యా, పిత్క్యారాంతా మాత్రం పాత పేర్లతోనే మిగిలాయి.

‘జీవన మార్గం’ అంటే ఏమిటి? దానికీ సరస్సు స్వరూపానికీ సంబంధం ఉందా?

ముట్టడిలో చిక్కిన లెనిన్‌గ్రాద్‌కు ఈ సరస్సు మీదుగా సాగిన సరఫరా దారి పేరు అది. సంబంధం కూడా ఉంది. 1941 సెప్టెంబరు 8న జర్మన్లు ష్లిస్సెల్‌బుర్గ్‌ను పట్టుకోవడంతో లెనిన్‌గ్రాద్‌కు నేల మీది దారులన్నీ మూసుకుపోయాయి. ఉత్తరాన ఫిన్లాండ్ సేనలు ఉన్నాయి. మిగిలింది నైరుతి మూలన సరస్సు నీరు ఒక్కటే. శరదృతువులో బార్జీల మీద సరుకు తెచ్చారు. సెప్టెంబరు తుఫానులో ఒక బార్జీ విరిగి వందల మంది మునిగిపోయారు. ఆ పొట్టి అలల సంగతి పైన చెప్పినదే.

ఆ మూల లోతు తక్కువ కావడం మాత్రం శీతాకాలంలో కలిసివచ్చింది. లోతు తక్కువైతే మంచు త్వరగా కడుతుంది. నవంబరు 20న గుర్రపు బండ్లు, 22న తొలి లారీలు పడమటి ఒడ్డు నుంచి తూర్పున కోబోనా వైపు సుమారు 30 కిలోమీటర్ల మంచు దాటాయి. లోపలికి పిండి, బయటికి మనుషులు. ఆ మొదటి శీతాకాలంలో ఐదు లక్షలకు పైగా జనాన్ని ఈ దారిలో బయటికి చేర్చారు. మంచు ఎప్పుడు పగులుతుందో తెలియక డ్రైవర్లు తలుపులు తెరిచే నడిపేవారు.

కొన్నిసార్లు బరువైన లారీ దాటిపోయిన మంచు, తేలికపాటిది వెళ్ళగానే విరిగేది. నౌమ్ రేయ్‌నోవ్ అనే భౌతికశాస్త్రవేత్త, తన సహచరులతో కలిసి మంచు వంపును కొలిచే పరికరం తయారుచేసి కారణం కనిపెట్టాడు. లారీ కదులుతుంటే మంచు కిందికి వంగి, దాని అడుగున నీటిలో ఒక అల పుడుతుంది. లారీ వేగం ఆ అల వేగంతో సమానమైతే, ఊయలను సరైన సమయంలో తోసినట్టు వంపు పెరిగిపోయి మంచు పగులుతుంది. అక్కడి లోతుకు ఆ ప్రమాదకర వేగం గంటకు సుమారు 35 కిలోమీటర్లని తేలింది. ఏ వేగంతో వెళ్ళకూడదో, వాహనాల మధ్య ఎంత ఎడం ఉండాలో అప్పటి నుంచి నియమాలు పెట్టారు. మరుసటి ఏడు సరస్సు అడుగున ఇంధన గొట్టం, వోల్ఖోవ్ జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు కేబుళ్ళు వేశారు. 1943 జనవరిలో దక్షిణ తీరం వెంట ముట్టడి చీలిన తరువాత, ఆ సన్నని పట్టీలోనే వారాల వ్యవధిలో రైలుమార్గం పరిచారు.

సరస్సు నీరు తాగవచ్చా? కాలుష్యం పరిస్థితి ఏమిటి?

పీటర్స్‌బర్గ్ నగరం తాగేది శుద్ధి చేసిన నేవా నీరే, అంటే లదోగా నీరే. వైద్యవిద్య కోసం అక్కడ ఉంటున్న తెలుగు విద్యార్థుల కుళాయిల్లోకి వచ్చేదీ అదే. అయితే సరస్సులోని నీరు మొత్తం మారడానికి పదకొండు, పన్నెండేళ్ళు పడుతుంది. కలిసిన మురికి అంత త్వరగా వదలదు. 1960ల తరువాత వోల్ఖోవ్ తీరంలోని కర్మాగారాలు, పొలాల నుంచి వచ్చిన భాస్వరం వల్ల నాచు పెరిగింది. ప్రియోజేర్స్క్‌లోని కాగితపు గుజ్జు కర్మాగారాన్ని కాలుష్యం కారణంగానే 1986లో మూసివేశారు. ఆ తరువాత నీరు కొంత తేరుకున్నా, లోతు తక్కువైన దక్షిణ అఖాతాలు ఉత్తర భాగం అంత నిర్మలంగా లేవు. వోల్ఖోవ్ మీద 1926లో కట్టిన విద్యుత్ కేంద్రపు ఆనకట్ట, ఎగువకు ఈదే సీగ్ అనే జాతి చేపల దారిని మూసేసింది. ఆ నష్టం మాత్రం పూడలేదు.

చూడటానికి వెళ్ళాలంటే ఏ తీరం, ఏ నెల?

ఒక్క తీరమే చూడగలిగితే ఉత్తరానికి వెళ్ళమనే నా సలహా. లదోగా పేరుతోనే ఉన్న పీటర్స్‌బర్గ్ స్టేషన్ నుంచి సోర్తవాలాకు రైళ్ళున్నాయి. అక్కడి నుంచి ష్ఖేరిలోకీ, వాలామ్‌కూ పడవలు దొరుకుతాయి. జూన్, జూలైలలో రాత్రి పదకొండుకు కూడా వెలుతురు ఉంటుంది. దోమలు కూడా ఉంటాయి. నడుమ నీరు ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది కాబట్టి పడవ మీదికి ఉన్ని బట్టలు వెంట ఉండాలి.

ఒక్క పూట మాత్రమే ఉన్నవారు ఫిన్లాండ్ స్టేషన్‌లో లోకల్ రైలెక్కి నైరుతి తీరానికి వెళ్ళవచ్చు. వాగనోవో దగ్గర, లారీలు మంచు మీదికి దిగిన చోట, 1966లో నిలబెట్టిన ‘విరిగిన వలయం’ స్మారకం ఉంది. ఒకదానినొకటి అందుకోని రెండు కాంక్రీటు విల్లుల నడుమ, కింది పలక మీద అచ్చువేసిన టైరు గుర్తులు నీటి అంచు దాకా వెళ్ళి ఆగుతాయి.